ఖాళీ భూమి యనగా నేది?

నగరము పెరుగునపుడు మొట్టమొదట వినవచ్చు మాట “ఖాళీ భూమి”. ఊరి వెలుపల ఇంత భూమి ఖాళీగా నున్నదే, దానిని ఇండ్లస్థలములుగా మార్చినచో పదిమందికి నీడ దొరకదా యని కొందరందురు. అది ఖాళీ యని చెప్పినదెవరు, తాతల నాటినుండి మేము దున్నుచున్నామే యని మరికొందరందురు. ఓరుగల్లులో ఈ వాదము కొంతకాలముగా సాగుచున్నది. ఇరువురి మాటలోను నిజము కలదు. కనుక చిక్కుముడిని ఒక్కొక్క పోగుగా విప్పి చూతము.

ఇండ్ల అవసరము కల్పితము కాదు. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట కలిసి ఒకే నగరమైనవి. చుట్టునున్న 42 గ్రామములు చేరిన పిమ్మట నగరపాలక సంస్థ వైశాల్యము సుమారు 407 చదరపు కిలోమీటర్లయినది. అయినను, 1970 ప్రాంతముల నాటి మాస్టరు ప్లానే దశాబ్దములపాటు నగరమునకు దారి చూపవలసి వచ్చినది. 2041వ సంవత్సరమును దృష్టిలో నుంచుకొని తయారుచేసిన క్రొత్త ప్రణాళికకు 2024 నవంబరులో గాని ప్రభుత్వామోదము లభింపలేదు. ప్రణాళిక ఆలస్యమైనంత మాత్రమున జనులు ఇండ్లు కట్టుకొనుట మానరుగదా! అనుమతి లేని లేఅవుట్లలో స్థలములు కొనిన వారి కొరకు 2020లో క్రమబద్ధీకరణ పథకమును ప్రకటింపగా, తెలంగాణమంతటను 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. చక్కని దారి మూసియున్నచో జనులు అడ్డదారిని నడతురనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మాస్టరు ప్లాను పటములో ప్రతి భూమికిని ఒక రంగు వేయుదురు. నివాసమునకు పసుపు, సేద్యమునకు ఆకుపచ్చ. ఆకుపచ్చ పసుపుగా మారుటనే భూవినియోగపు మార్పు అందురు. తహసీలుదారు కార్యాలయమున 2006 నాటి చట్టము ననుసరించి జరుగు వ్యవసాయేతర మార్పిడి వేరు, ఇది వేరు. జనులు ‘నాలా’ యనునది ఆ మార్పిడినే. “నాలా అయినది, భయము లేదు” అని స్థలము అమ్మువారు చెప్పినపుడు, “పటములో దీని రంగు ఏది? లేఅవుటునకు అనుమతి యున్నదా?” అని కూడ కొనువారు అడుగవలెను.

ఇక 2022 నాటి సంగతి. వెలుపలి వలయరహదారి చెంత 27 గ్రామములలో 21 వేల ఎకరములకు పైగా భూమిని సమీకరింపవలెనని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అనగా ‘కుడా’, సంకల్పించినది. రైతులు ఆందోళనకు దిగిరి. ఆ యేటి మే నెలలోనే ఆ ప్రతిపాదనను విరమించుచున్నట్లు ప్రకటన వెలువడినది.

భూసమీకరణమనగా రైతు భూమి నిచ్చును. సంస్థ అందు రోడ్లు, మురుగుకాలువలు, ఉద్యానములు ఏర్పరచి కొంత భాగమును స్థలముల రూపమున తిరిగి యిచ్చును. ఎంత భాగమన్నదే కీలకము. ఎకరమునకు 4,840 చదరపు గజములు. 2015లో అమరావతియందు మెట్ట యెకరమునకు 1,000 గజముల నివాస స్థలము, 250 గజముల వాణిజ్య స్థలము ఇత్తుమనిరి. కొలతలో ఇది నాలుగవ వంతు కంటె కొంచెమే యెక్కువ. అభివృద్ధి జరిగి ధర పెరిగినచో ఈ వంతే మొత్తము భూమికంటె విలువైనది కావచ్చును. జరుగనిచో రైతునకు పంటయు లేదు, ధరయు లేదు. అందుచేత ఆ లెక్కలో ప్రాణమువంటిది గజముల సంఖ్య కాదు; పని పూర్తియగు గడువు.

మరియు, భూమి పత్రముల మీద నున్నవారు సంతకము చేయుదురు. కౌలునకు దున్నువాడు, నాట్లు వేయు కూలివనిత, ఆ గడ్డిమీద గేదెను మేపుకొను కుటుంబము ఎచ్చట సంతకము చేయుదురు? అమరావతిలో భూమిలేని కుటుంబములకు నెలకు 2,500 రూపాయల చొప్పున పదేండ్లు పింఛను ప్రకటించిరి. అది చాలునా యనునది వేరు ప్రశ్న. అట్టివారు కలరని గుర్తించుట మొదటి మెట్టు.

ఓరుగల్లునకు మరియొక విశేషము కలదు. కాకతీయుల కాలమునుండి ఇది గొలుసుకట్టు చెరువుల సీమ. పై చెరువు నిండి మత్తడి దుమికిన నీరు క్రింది చెరువున చేరవలెను. వేసవిలో చెరువు శిఖమున నీరుండదు. చూచువారికి అది చదునైన ఖాళీ స్థలమే. మత్తడి కాలువ కూడ ఎండినపుడు ఒక బాట వలె కనిపించును. కాని నీరు తన త్రోవను మరువదు. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను హనుమకొండ నయీంనగరు ప్రాంతమున నీరు ఇండ్లలో జొరబడుట మన మెరుగుదుము. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు నిండు నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు విడువవలెనని 2012 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. అది భూమిని వృథాచేయుట కాదు, నీటికి చోటిచ్చుట.

కావున ఇండ్లు వలదనుటయు సరికాదు, ఖాళీగా కనిపించిన దెల్ల పసుపు చేయుటయు సరికాదు. ముసాయిదా పటము ప్రకటించి అభ్యంతరములు కోరినపుడు చాలమంది దానిని చూడనే చూడరు. అంతయు స్థిరపడిన పిదప వగతురు. ఆ గడువులోనే మన సర్వే నంబరు వెదకి, మూడు ప్రశ్నలు వ్రాతమూలముగా అడుగవలెను: ఈ భూమిపై నేడు ఎవరు బ్రదుకుచున్నారు? వానకాలమున దీనిమీదుగా నీరు ఎటు పోవును? ఇచ్చిన మాట ఎన్నేండ్లలో నెరవేరును? ఈ మూడింటికిని జవాబు దొరికిన భూమిలో కట్టిన ఇంట గృహస్థు నిశ్చింతగా నిదురించును. దానిని విడిచిన రైతును ఉసూరుమనడు.