కొండలమీద ఊపిరి ఎందుకు చాలదు?

ఢిల్లీలో విమానమెక్కిన యాత్రికుడు రెండు గంటలు తిరగకముందే లడఖ్‌లోని లేహ్ పట్టణములో దిగుతాడు. ఆ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. దిగినప్పుడు అతనికి ఏ బాధా తోచకపోవచ్చు. సాయంత్రమో, ఆ రాత్రియో తలనొప్పి, వికారము, నిద్రలేమి మొదలవుతాయి. దీనినే పర్వతవ్యాధి అంటారు.

తిరుమల మెట్లు ఎక్కినా ఆయాసము వస్తుంది గదా అనవచ్చు. అది వేరు. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లలోపే. అక్కడి ఆయాసము శ్రమవలన కలిగినది. కాసేపు కూర్చుంటే తీరిపోతుంది. లేహ్‌లో తలనొప్పి కదలక కూర్చున్నవానికీ వస్తుంది.

ఎత్తున గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గుతుందని చాలమంది నమ్మకము. ఇది పొరపాటు. ఎవరెస్టు శిఖరముమీద కూడ గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువే. తగ్గేది పీడనము. 1878లో ప్రచురించిన గ్రంథములో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ ఈ సంగతిని ప్రయోగములతో నిరూపించినాడు.

చిన్న లెక్క వేసి చూడవచ్చు. సముద్రమట్టమున భారమితిలో పాదరసము 760 మిల్లీమీటర్లు నిలుస్తుంది. మనము పీల్చిన గాలి లోపల తడుస్తుంది. దేహపు వేడిమివద్ద నీటియావిరి 47 మిల్లీమీటర్లు తాను ఆక్రమిస్తుంది. మిగిలిన 713లో ప్రాణవాయువు వంతు సుమారు 150. 1981లో ఒక అమెరికన్ పరిశోధక బృందము ఎవరెస్టు శిఖరముపై కొలువగా పీడనము 253 మిల్లీమీటర్లే ఉన్నది. అక్కడ కూడ నీటియావిరి తన 47 తాను తీసుకొంటుంది. ఎంత ఎత్తు ఎక్కినా దేహపు వేడిమి మారదు గదా! మిగిలిన 206లో ప్రాణవాయువుకు దక్కేది 43 మాత్రమే.

ఈ కొరతను దేహము ఊరక సహించదు. మెడలోని పెద్ద ధమని చీలేచోట ఉన్న ఒక చిన్న అవయవము రక్తములో ప్రాణవాయువు తగ్గుటను పసికట్టి, ఊపిరి వేగమును పెంచుతుంది. కాని ఇక్కడొక చిక్కు ఉన్నది. వేగముగా ఊపిరి విడిచేకొద్దీ బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. దానితో రక్తము క్షారగుణము పొందుతుంది. ఆ క్షారగుణము ఊపిరికి కళ్లెము వేస్తుంది. మూత్రపిండములు ఆ క్షారమును మెల్లగా వెలికి పంపినప్పుడే కళ్లెము వదులవుతుంది. అందుకు కొన్ని దినములు పడుతుంది. ఎర్ర రక్తకణములు పెరుగుటకైతే వారములు కావలెను. విమానము ఈ గడువును ఇవ్వదు. అందుచేత లేహ్‌లో దిగినవారు మొదటి రెండు దినములు విశ్రాంతి తీసుకొనవలెను. 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రి పడకకు, మరునాటి పడకకు మధ్య ఎత్తు 500 మీటర్లు మించకూడదు.

కండబలము ఇక్కడ రక్ష కాదు. బలిష్ఠులే తొందరగా ఎక్కి ముందు జబ్బుపడుట కద్దు. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు మన సైనికులను మైదానములనుండి హిమాలయములకు హఠాత్తుగా తరలించవలసి వచ్చినది. ఆరోగ్యవంతులైన యువకులు ఎందరో పర్వతవ్యాధి పాలైనారు. అట్టి 1,925 మంది సైనికులను పరిశీలించిన భారత సైనిక వైద్యులు తమ ఫలితములను 1969లో ప్రకటించినారు. ఈ వ్యాధి ముదిరినప్పుడు కొందరికి ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. కొందరికి మెదడు ఉబ్బుతుంది. మొదటిదానిని వైద్యులు చాలకాలము న్యుమోనియాగానే భావించినారు. విశ్రాంతిగా ఉన్నా ఆయాసము, తడబడే నడక, మతి తప్పిన మాటలు కనిపిస్తే, అర్ధరాత్రి అయినా సరే, రోగిని కిందికి దింపవలెను.

2014 మే 25న నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, పద్నాలుగేండ్లు నిండకముందే, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు ఎక్కినది. ఆ యాత్రకు నెలన్నరకు పైగా పట్టినది. అన్ని దినములూ నడకకే కాదు; దేహము ఎత్తుకు అలవాటు పడుటకు కూడ అవి అవసరము.

మంచు తుపానులో దిగుట సాధ్యము కానప్పుడు పర్వతారోహకులు ఒక సంచిని వాడుతారు. రోగిని అందులో పడుకోబెట్టి మూసి, కాలితో తొక్కే పంపుతో గాలి నింపుతారు. ఆ గాలి చుట్టూ ఉన్న కొండగాలియే; పీడనము మాత్రము పెరుగుతుంది. లోపలి మనిషి ఉన్నచోటనే ఉండి, వేయి మీటర్లకు పైగా కిందికి దిగినట్లవుతాడు. కాస్త తేరుకొన్న తరువాత అతనిని నిజముగానే దింపవలెను.