ఎమ్మెస్ మందులు, జేసీ వైరస్: రిపోర్టు చూసి మందు మానకండి

జేసీ వైరస్ పాజిటివ్ అని రిపోర్టు వచ్చిందంటే మెదడుకు జబ్బు చేసిందని కాదు. ముందు ఈ మాట చెప్పి తక్కిన విషయంలోకి వెళతాను. మన హోసూరు నుంచి బెంగళూరు ఆసుపత్రులకు తిరిగే కుటుంబాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎమ్మెస్, ఉన్నవాళ్ళు కొందరున్నారు. ఆ ఒక్క ముక్క చదివి మందు మానేద్దామనుకున్నవారూ ఉన్నారు. నేను డాక్టరును కాను, ఉద్యోగమంతా ఫైళ్ళు చూసిన గుమాస్తాను. అయినా మన కాగితంలో ఏముందో మనం తెలుసుకోవాలి కదా.

పెద్దవాళ్ళలో సగం మందికి పైగా ఒంట్లో ఈ వైరస్ ఉంటుంది. మూత్రపిండాల్లాంటి చోట్ల ఊరికే పడి ఉంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. రక్షణశక్తి తగ్గినప్పుడు మాత్రం మెదడులో లేచి అక్కడి నరాల పొరను పాడుచేస్తుంది. ఆ జబ్బునే డాక్టర్లు పీఎంఎల్ అంటారు.

ఎమ్మెస్‌లో మన రక్షణ కణాలే దారి తప్పి మెదడు, వెన్నుపాము నరాల పొరను దెబ్బతీస్తాయి. టైసాబ్రి పేరుతో వచ్చే నటాలిజుమాబ్ అనే మందు ఆ కణాలను రక్తంలోంచి మెదడులోకి దాటనివ్వదు. ఎమ్మెస్ తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. కాని కావలివాళ్ళందరినీ గేటు బయటే నిలబెడితే, లోపల దొంగ లేచినా పట్టుకునేవాడుండడు. అమెరికాలో 2004 నవంబరులో అనుమతి వచ్చిన ఈ మందును పీఎంఎల్ కేసులు బయటపడి 2005 ఫిబ్రవరిలో ఆపేశారు. 2006లో గట్టి షరతులతో మళ్ళీ అనుమతించారు.

ఎవరికి ఎంత ప్రమాదమో మూడు సంగతులను బట్టి అంచనా వేస్తారు: రక్తంలో జేసీ వైరస్ యాంటీబాడీ ఉందా, మందు మొదలుపెట్టి రెండేళ్ళు దాటిందా, అంతకు ముందు అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ వంటి రక్షణశక్తిని తగ్గించే మందులు వాడారా. యాంటీబాడీ లేనివారికి ప్రమాదం పదివేలమందిలో ఒకరి స్థాయిలోనే ఉంటుంది. ఉన్నవారి రిపోర్టులో ఇండెక్స్ అని ఒక అంకె వేస్తారు. అది 0.9 లోపు ఉంటే ప్రమాదం తక్కువే. 1.5 దాటి, మందు కూడా నాలుగైదేళ్ళు దాటితే వందమందిలో ఒకరి దరిదాపులకు పోతుంది. అందుకని పాజిటివ్ అన్న మాట దగ్గరే ఆగకుండా అంకె ఎంతో చూడాలి. ఇవాళ నెగెటివ్ వచ్చినవారికి రేపు పాజిటివ్ రావచ్చు కనుక ఆర్నెల్లకొకసారి మళ్ళీ పరీక్ష చేస్తారు. పాత మందుల చీటీలు పారేయకండి, పదేళ్ళ కిందటివైనా సరే.

ఫింగోలిమోడ్, డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలతో కూడా పీఎంఎల్ వచ్చిన కేసులున్నాయి గాని చాలా అరుదు. రెండో మాత్ర వాడేవారు రక్తంలో లింఫోసైట్ల లెక్క పడిపోకుండా చూసుకోవాలి.

ఇక ఇంట్లోవాళ్ళు చూడవలసినది. ఎమ్మెస్ తిరగబెడితే సాధారణంగా కొద్ది రోజుల్లోనే బయటపడి, తర్వాత నెమ్మదిస్తుంది. పీఎంఎల్ అలా కాదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా ముదురుతుంది. ఒక పక్క చెయ్యీ కాలూ బలం తగ్గడం, చూపులో ఒక పక్క కనపడకపోవడం, మాట తడబడడం, మనిషి తీరే మారిపోవడం. ఎప్పుడూ లెక్కలు చూసే మనిషి చిల్లర లెక్కపెట్టలేకపోతే అది పరాకు అనుకుని వదిలేయకండి. ఈ మార్పు రోగికి తెలియకపోవచ్చు, ముందు కనిపెట్టేది భార్యో, కొడుకో, కోడలో. మందు ఆపిన తర్వాత కూడా ఆర్నెల్లు ఈ జాగ్రత్త ఉండాలి.

పీఎంఎల్‌కు ఆ వైరస్‌ను చంపే మందు ఇంతవరకు లేదు. త్వరగా ఎమ్మారైలో పట్టుకుని నటాలిజుమాబ్ ఆపితే బతికే అవకాశం, తేరుకునే అవకాశం పెరుగుతాయి. అలాగని భయంతో మీ అంతట మీరు ఆపితే ఎమ్మెస్ మునుపటికన్నా గట్టిగా తిరగబెట్టవచ్చు. ఆపాలా, వేరే మందుకు మారాలా, నాలుగు వారాలకు వేసే మోతాదును ఆరు వారాలకు జరపాలా అన్నది న్యూరాలజిస్టుతో కూర్చుని తేల్చుకోవలసినది.

ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో తమిళమో. “మనిషి అదోలా ఉన్నాడు” అన్న మాట డాక్టరుకు చేరేసరికి సగం పోతుంది. కాబట్టి ఏ తేదీన ఏం గమనించారో తెలుగులోనే రాసి పెట్టుకోండి. సంఘం ఆఫీసుకు తెస్తే ఇంగ్లీషులోనో కన్నడంలోనో రాసి ఇస్తాం. ఒంట్లో బాగా తేడా కనపడితే మాత్రం దానికోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్ళండి.