అంగడికి వెలుపలి కథలు, పాటలు: వాని విమర్శ

పేరొందిన ప్రకాశకులు వెలువరించు నవలకు విమర్శకులు కొఱవడరు. పెద్ద కంపెనీలు పంచిపెట్టు సంగీతపు రికార్డునకు నంతే. రచయిత తన సొమ్ముతో నచ్చువేయించుకొన్న కథకును, నలుగురు గాయకులు అప్పుచేసి తెచ్చిన రికార్డునకును ఆ భాగ్యము లేదు. వానికిఁ బ్రకటన లేదు, అంగడిలోఁ జోటు లేదు. ఒక్క విమర్శయైన వెలువడనిచో నట్టి కృతి పుట్టిన సంగతియే లోక మెఱుఁగదు. కావున నిట్టివానిని విమర్శించువానికిఁ బనులు రెండు: కృతి కలదని చాటుట, దాని గుణదోషములను నిర్ణయించుట. మొదటిదానికి వాత్సల్యము కావలయును, రెండవదానికి నిష్పక్షపాతము కావలయును. ఈ రెండు నొకచోట నెట్లు నిలువఁగలవో అమెరికా, ఇంగ్లండు దేశముల చిన్నపత్రికల చరిత్రము తెలుపుచున్నది.

ఆ పత్రికలలో నవలావిమర్శకును రాక్ సంగీతవిమర్శకును గల చుట్టఱికము గమనింపఁదగినది. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ అను విజ్ఞానకల్పనకథల పత్రికను స్థాపించెను. అందుఁ బాఠకుల జాబులు వారి విలాసములతోఁ గూడ నచ్చుపడుచుండెను. దానివలన దూరదూరముల నున్న పాఠకులు తమలోఁ దాము జాబులు వ్రాసికొనసాగిరి. జాబులనుండి సంఘములు, సంఘములనుండి పత్రికలు పుట్టినవి. 1930 మే నెలలో వెలువడిన ‘ది కామెట్’ అట్టివానిలో మొదటిదని చెప్పుదురు. 1940లో లూయీ రస్సెల్ షోవెనే వీనికి ‘ఫ్యాన్‌జీన్’, అనఁగా అభిమానిపత్రిక, యను పేరు పెట్టెను. సైక్లోస్టైలు యంత్రముపైఁ గొలఁదిప్రతులు తీసి తపాలాలోఁ బంపుటయే వీని పద్ధతి. ప్రకటనల రాబడిపై నాధారపడనందున మొగమోటమికిఁ దావు తక్కువ.

దీని ఫలము 1945లోఁ గనఁబడినది. ఆ యేఁట ఎ. ఇ. వాన్ వోట్ రచించిన ‘వరల్డ్ ఆఫ్ నల్-ఏ’ నవల ధారావాహికముగా వెలువడెను. రచయిత యప్పటికే పాఠకాదరము గడించినవాఁడు. డేమన్ నైట్ అను యువకుఁ డొక యభిమానిపత్రికలో నా నవల కథాసంవిధానమందలి పూర్వోత్తరవిరోధములను, శైలియందలి లోపములను వరుసగా నెత్తిచూపెను. 1948లో దానిని బుస్తకముగాఁ దెచ్చునపుడు రచయిత సవరణలు గావించెను. విజ్ఞానకల్పనకథలైనంతమాత్రమున వానికి సడలింపు పనికిరాదనియు, సకలసాహిత్యమునకు వర్తించు కొలతయే వానికిని వర్తించుననియు నైట్ పట్టిన పట్టు. అతని విమర్శలు 1956లో ‘ఇన్ సెర్చ్ ఆఫ్ వండర్’ అను సంపుటమైనవి.

ఈ యలవాటే పిమ్మట సంగీతమునకుఁ బ్రాఁకెను. 1966 ఫిబ్రవరిలో స్వార్త్‌మోర్ కళాశాల విద్యార్థి, పదునేడేండ్ల పాల్ విలియమ్స్, ‘క్రాడాడీ’ యను రాక్ సంగీతపత్రికను సైక్లోస్టైలుపైఁ దీసెను. అతఁడు విజ్ఞానకల్పనాభిమానులలోఁ బెరిగినవాఁడు. అదివఱకుఁ దఱచుగా నిట్టి పాటలఁ గూర్చిన వ్రాఁతలు అమ్మకపు లెక్కలుగనో, గాయకుల ముచ్చటలుగనో యుండెడివి. విలియమ్స్ గ్రంథమును జదివినంత శ్రద్ధతో రికార్డును విని, దాని యర్థమును విచారించెను. ప్రసిద్ధమైన ‘రోలింగ్ స్టోన్’ పత్రిక 1967 నవంబరులోఁ గాని పుట్టలేదు. ఈతని ఋణము నవలకును దీఱినది: ఫిలిప్ కె. డిక్ 1959లో వ్రాసి యచ్చునకు నోఁచుకొనని ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ క్రాప్ ఆర్టిస్ట్’ను 1975లో వెలువరించిన ఎంట్‌విజిల్ బుక్స్ అను చిన్నసంస్థలో విలియమ్స్ భాగస్వామి.

1976 జూలైలో లండనునందు మార్క్ పెర్రీ యను బ్యాంకు గుమాస్తా ‘స్నిఫిన్ గ్లూ’ను బ్రారంభించెను. పంక్ సంగీతము దాని విషయము. మొదటి సంచికకుఁ దీసిన ప్రతులు సుమా రేఁబది. తమ వ్రాఁతతోనే తృప్తిపడక మీరును బత్రికలు పెట్టుఁడని పాఠకులను బురికొల్పుట దాని విశేషము. మఱు సంవత్సరము జనవరిలో మాంచెస్టరు నగరపు బజ్‌కాక్స్ కూటమి యప్పు దెచ్చుకొని ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డును సొంతముగా వెలువరించెను. ఇట్టి రికార్డులకు ఇట్టి పత్రికలే తగిన శ్రోతలను గూర్చినవి.

అయితే 1977లో పెర్రీయుఁ దానొక గాయకకూటమిని గట్టెను. చిన్నలోకమున విమర్శకుఁడు, కర్త, కొనువాఁడు నొక్కపంక్తిని గూర్చుందురు. అచ్చట మిత్రస్తుతి సులభము. పలుకరింపుగాఁ జేసిన పొగడ్తను నమ్మి యొకమాఱు మోసపోయిన పాఠకుఁడు మఱియొకమాఱు నిజమైన మేలికృతిని గూర్చి చెప్పినను నమ్మఁడు. అప్పుడు నష్టపడునది మోసగించిన విమర్శకుఁడు కాఁడు, పేరులేని యా మేలికృతియే.

1982లో మైక్ గుండర్లాయ్ అమెరికాలోఁ బ్రారంభించిన ‘ఫ్యాక్ట్‌షీట్ ఫైవ్’ చిన్నపత్రికలనే విమర్శించు పత్రిక. కృతి యెట్టిది, వెల యెంత, యే విలాసమునకు వ్రాసినచో దొరకును అను వివరములను అది పాఠకుని ముందుంచెను. వాత్సల్యమునకుఁ దగిన తావు అదియే: ఉనికిని జాటుట యందు ఉదారత చూపవచ్చును. కాగితము నాసియైనను, ధ్వని గరగరలాడినను బేదఱికమని మన్నింపవచ్చును. ఆలోచనలోని సోమరితనమును మాత్రము మన్నింపరాదు. దానికిఁ బేదఱికము కారణము గాదు. ఆలంకారికులు చెప్పిన సహృదయత్వ మిదియే కాని వేఱు కాదు.