సమాధి లేని వారి పేర్లు

సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే అలవాటు మన సంఘాలలో చాలాచోట్ల ఉన్నది. మట్టి చేసిన చోటు మన ఊరిలోనే ఉంటుంది గనుక అది సాధ్యము. బిడ్డ పరాయి నేలలో పడిపోతే తల్లి ఎక్కడికి వెళ్లాలి?

మొదటి ప్రపంచ యుద్ధములో బ్రిటన్ పల్లెలకు ఈ ప్రశ్న ఎదురైనది. చనిపోయిన సైనికుల దేహాలను స్వదేశానికి తేరాదని ప్రభుత్వము నిర్ణయించింది. జమీందారు కొడుకైనా, పాలేరు కొడుకైనా ఒకటే. కఠినమైన మాటే గాని, అందులో పక్షపాతము లేదు. అందుచేత ఊరూరా చర్చి ఆవరణలోనో, కూడలిలోనో రాతి సిలువ వంటి గుర్తు నిలిపి పేర్లు చెక్కించారు. తల్లులకు అదే సమాధి అయినది.

1918 నవంబరు 11న ఉదయం 11 గంటలకు కాల్పులు ఆగాయి. మరుసటి ఏడు అదే గంటకు దేశమంతా రెండు నిమిషాలు మౌనముగా నిలిచింది. ఇప్పుడు ముఖ్యమైన కూడిక నవంబరు రెండవ ఆదివారమున జరుగుతుంది. ఎర్రని కాగితపు గసగసాల పువ్వు రొమ్మున గుచ్చుకొని, పెద్దలూ పిల్లలూ ఆ రాతి చుట్టూ చేరతారు. బూర ఊదుతారు. పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. ఒకే ఇంటిపేరు వెంటవెంటనే రెండుసార్లు వినబడిందంటే, తరచుగా వారు అన్నదమ్ములే.

ఆ సైనికులను చూచినవారు నేడు లేరు. అయినా చదవడము మానలేదు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత చాలా ఊళ్లు కొత్త రాయి నిలుపలేదు. పాత పేర్ల క్రింద మిగిలిన చోటనే కొత్త పేర్లు చెక్కించాయి.