సిట్టింగ్ మానితే కూర్చునేదెక్కడ?

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైన కొద్ది రోజులకే నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రికి జనం వరస కట్టారు. మెదక్, మహబూబ్‌నగర్‌లలోనూ అదే పరిస్థితి. వచ్చినవాళ్లలో చాలామందికి జబ్బు చేసింది తాగడంవల్ల కాదు, తాగేది ఉన్నట్టుండి దొరక్కపోవడంవల్ల. చేతుల వణుకు, ఫిట్స్, ఎదుట లేని మనుషులతో మాటలు. వాళ్లు తాగిన సీసాల్లో చెట్టు కల్లు పేరుకే. అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపినదే ఎక్కువ. ‘నేను మందు ముట్టను, కల్లు ఒక్కటే’ అనుకున్నవాళ్ల ఒంటికి నిద్రమాత్రల అలవాటు పట్టింది.

ఈ ప్రాంతంలో తాగుడు మానాలనుకునేవాళ్లకు ముందుగా తెలియాల్సింది ఇదే. ‘రేపట్నుంచి బంద్’ అని ఒట్టు పెట్టుకుని ఇంట్లో తలుపేసుకోవడం రోజూ తాగేవాళ్లకు ప్రమాదం. సారా అయినా విస్కీ అయినా, ఆపిన రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత రెండు మూడు రోజులు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మందులు కలిపిన కల్లయితే లక్షణాలు ఇంకా ఆలస్యంగానూ మొదలుకావచ్చు. అందుకే ముందు నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లాలి. ఏది తాగుతారో, రోజుకు ఎన్ని సీసాలో దాచకుండా చెప్పాలి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14446కు ఫోన్ చేయవచ్చు. అది మత్తు మాన్పించే జాతీయ ఉచిత హెల్ప్‌లైన్. మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ 14416 ఉంది. తాగుడు మాన్పిస్తాయంటూ అన్నంలో, చాయ్‌లో తెలియకుండా కలిపే పొడుల జోలికి మాత్రం ఇంట్లోవాళ్లు వెళ్లొద్దు. వాటిలో డైసల్ఫిరామ్ ఉండి, సంగతి తెలియని మనిషి ఆ పూట తాగితే గుండెకే ముప్పు.

ఆసుపత్రి ఒంట్లో విషాన్ని దించి పంపిస్తుంది. సాయంత్రం ఆరు గంటలను ఏం చేసుకోవాలో అది చెప్పలేదు. మన దగ్గర తాగుడంటే సీసా ఒక్కటే కాదు, దోస్తులతో సిట్టింగ్ కూడా. అదే 2015 డిసెంబరులో నిజామాబాద్ జిల్లా బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. షిఫ్టు సైరన్ ఆగిపోయిన ఊళ్లో పొద్దు గడవడం ఎంత కష్టమో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. సీసా మానినవాడికి దోస్తులూ దూరమైతే, నాలుగు రోజులకు వాడు మళ్లీ ఆ బల్ల దగ్గరికే పోతాడు.

ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అనేది, సరిగ్గా ఆ ఖాళీని నింపడానికి పుట్టింది. 1935లో అమెరికాలోని ఆక్రాన్ పట్టణంలో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, షేర్ల వ్యాపారం చేసే బిల్ విల్సన్, సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్, ఒకరి గోడు ఒకరు వింటూ ఆ పూటకు తాగకుండా ఉండగలిగారు. కిటుకంతా అదే. మీటింగ్ కూడా మన మహిళా సంఘాల వారపు సమావేశంలాగే సాగుతుంది, అప్పుల లెక్క ఒక్కటే ఉండదు. కుర్చీలు, చాయ్, ఒకరు తన కథ చెబుతారు, మిగతావాళ్లు అడ్డుపడకుండా వింటారు. సలహాలు, తిట్లు ఉండవు. ఫీజు లేదు, డబ్బీ తిరిగితే ఇష్టమున్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు నోరు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. జీవితాంతం మానేస్తానని ఎవరూ మాట తీసుకోరు, ఈ ఒక్క రోజుకు చాలు. కాస్త అనుభవమున్న సభ్యుడు స్పాన్సర్‌గా ఉంటాడు. దావత్‌లో గ్లాసు ముందుకొచ్చినప్పుడు పక్కకెళ్లి అతనికి ఫోన్ చేయవచ్చు. దేవుడి ప్రస్తావన ఉంటుంది కానీ ఏ దేవుడన్నది ఎవరిష్టం వారిది. ఆ భాష అస్సలు పడనివాళ్లూ ఉంటారు, వాళ్లకు డాక్టరు కౌన్సెలింగే నయం.

ఇదంతా ఊరికే కబుర్లా? వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 అధ్యయనాలను, పది వేలకు పైగా మందిని పరిశీలించింది. రోగిని ఏఏలో చేర్చి నిలబెట్టే పద్ధతి, పూర్తిగా మానేయించడంలో మిగతా కౌన్సెలింగ్‌ల కంటే మెరుగని తేల్చింది. అధ్యయనాలు ఎక్కువగా అమెరికావన్నదీ గుర్తుంచుకోవాలి. మన దేశంలో తాగుడుకు బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని 2019 జాతీయ సర్వే చెప్పింది.

బోధన్‌లాంటి ఊళ్లో అసలు భయం వేరే: ‘తెలిసినవాళ్లు చూస్తే?’ చూస్తారు. కానీ ఆ గదిలో కనిపించిన మేనబావ కూడా అందుకే వచ్చాడు కదా! ఇంటిపేరు అడగరు, విన్నది బయట చెప్పరు. అయినా జంకుంటే పాతిక కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్‌కో, ఫోన్‌లో జరిగే ఆన్‌లైన్ మీటింగుకో వెళ్లవచ్చు. గ్రూపు ఎక్కడుందో ఆసుపత్రి కౌన్సెలర్‌నీ, ఏఏ భారత కార్యాలయాన్నీ అడగాలి. బీడీలు చుట్టి ఇల్లు నడిపే భార్యలకు అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది. భర్త మానకపోయినా వాళ్లు వెళ్లవచ్చు.

దగ్గర్లో గ్రూపు లేకపోతే? మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చున్నా దాన్ని గ్రూపు అనుకోవచ్చని ఏఏ సంప్రదాయం. స్కూలు గదో, చర్చి హాలో అడిగి, వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకోవాలి. వైన్స్ ముందు రద్దీ పెరిగే వేళయితే మరీ మంచిది.