నక్షత్రములు పుట్టక పూర్వము

కార్తిక మాసమున ప్రొద్దు గ్రుంకిన పిమ్మట కృత్తికలు, వాని వెనుక ఎఱ్ఱని రోహిణి తూర్పున పైకి వచ్చుట మన గ్రామవాసులు ఎరిగినదే. రోహిణి మనకు 65 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. కాంతి ఒక సంవత్సరములో పోవు దూరమే కాంతి సంవత్సరము. ఆ దిక్కుననే, సుమారు 450 కాంతి సంవత్సరముల దూరమున, గొప్ప వాయుమేఘ మొకటి కలదు. ఛాయాచిత్రములలో అది చుక్కలు లేని నల్లని తావుగా తోచును. కాని అది శూన్యము కాదు. నక్షత్రములు పుట్టుచున్న చోటు.

వాయుమేఘము ఒక్కసారిగా నక్షత్ర మగునని తలచుట పొరపాటు. అంతకు ముందు దాని నిర్మాణము మూడు విధముల మారవలెను.

మన పాలపుంత వంటి గెలాక్సీలలో హైడ్రోజన్ మొదట విడివిడి పరమాణువులుగా పలుచగా వ్యాపించి యుండును. అది వెలువరించు 21 సెంటీమీటర్ల రేడియో తరంగములను మహారాష్ట్రలోని ఖోడద్ గ్రామమున గల రేడియో దూరదర్శిని గ్రహించుచున్నది. వాయువు చిక్కబడిన చోట ధూళి రేణువులు బయటి నక్షత్రకాంతిని లోనికి రానీయవు. ఆ రేణువులపై పరమాణువులు రెండేసి జతగూడి అణువు లగును. ఉష్ణోగ్రత సున్నకు దిగువ 263 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పడిపోవును. వేడి తగ్గిన కొలది వాయువు వెలుపలికి త్రోయు బలమును తగ్గును.

పిమ్మట మేఘములోని సుడులు, తాకిడులు వాయువును సాగదీయును. ఏకిన దూది నుండి నూలుపోగు వచ్చినట్లు, మేఘము పొడవైన పోగులుగా మారును. 2009 నుండి 2013 వరకు పనిచేసిన ఐరోపా వారి హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని సమీప మేఘములన్నిట ఇట్టి పోగులను చూపినది.

తుదకు, పోగులో బరువు హెచ్చిన చోట్ల గురుత్వాకర్షణది పైచేయి యగును. దారముపై మంచుబిందువుల వలె ముద్ద లేర్పడును. ముద్ద లోలోపలికి క్రుంగి, నడిమి వేడిమి కోటి డిగ్రీలకు చేరినపుడు హైడ్రోజన్ హీలియముగా మారసాగును. అప్పుడే నక్షత్రము నిలకడగా వెలుగును. సుమారు 460 కోట్ల సంవత్సరముల క్రిందట మన సూర్యుడును ఇట్లే జనించెను.

మేఘమంతయు నక్షత్రములు కానేరదు. అందు కొద్ది పాలు మాత్రమే ఆ దశకు చేరును. మిగిలినది క్రొత్త నక్షత్రముల తాకిడికి చెదరి, మరల పలుచనై, వేరొక మేఘమున చేరును.

పంచాయతీ సభ్యులకు మా మనవి యొకటి. వీధి దీపముల వెలుగు నేలపై మాత్రమే పడునట్లు పైన మూతలు అమర్చినచో, బాటకు వెలుతురును, ఆకాశమునకు చీకటియు దక్కును. వెన్నెల లేని రాత్రి బడి పిల్లలను పొలము గట్టునకు పిలిచి, ఉపాధ్యాయునిచే ఈ చుక్కలను చూపింపుడు. పిల్లవాడు ‘అక్కడ ఏమియు లేదు’ అని నల్లని చోటును చూపినపుడు, అక్కడ నున్నదేమో వానికి చెప్పగలవారు ఊరిలో ఒక్కరైన నుండవలెను.