స్కానరునకు చెవుడు వచ్చిన కథ

అమెరికాలో డెట్రాయిట్ నగరపు శివారున నివసించు మా మేనల్లుని యింట నేను ఒక వేసవి గడపినప్పుడు, మేడమీది కిటికీ అరుగుపై నొక చిన్న నల్లని పెట్టె పగలనక రాత్రియనక ఏదో గొణుగుచుండెడిది. అగ్నిమాపకదళము వారును, అంబులెన్సుల వారును తమలో తాము మాటలాడుకొను మాటలను ఆలకించు వేడుక అతనికి గలదు. దానికై కొనిన యంత్రమే యది, పేరు స్కానర్. తరంగబలమును దెలుపు గీతలు దాని తెరపై ఐదునకు ఐదును నిండుగా వెలుగుచుండగా, మాట మాత్రము నీటిలో మునిగి పలుకువాని గొంతువలె తెగి తెగి వచ్చుచుండెను. బలము చాలదు కాబోలునని అతడు ఇంటికప్పుపై ఎత్తయిన ఆంటెన్నా నిలిపెను. గొంతు మఱింత తెగినది. బలమును పెంచు ఆంప్లిఫయరును తెచ్చి తగిలించెను. ఉన్న గొంతు కూడ పోయినది. “మామయ్యా, ఎంత అరచిన అంత చెవుడు వచ్చుచున్నది దీనికి!” అని అతడు నవ్వినాడు గాని, ఆ నవ్వులో కొనిన వస్తువుల ఖరీదు కనబడుచునే యుండెను.

ఈ చెవుడు యంత్రమునకు కలిగిన ఆకస్మిక రోగము కాదనియు, పుట్టుకతో వచ్చినదనియు తెలియవలెనన్న దాని పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనవలెను. కథ అచ్చటనే, ఆ డెట్రాయిట్ నగరముననే మొదలగుచున్నది. 1928వ సంవత్సరమున అక్కడి పోలీసులు తమ గస్తీకార్లలో రేడియోలు అమర్చి, కేంద్రమునుండి వార్తలు పంపసాగిరి. అది ఏకముఖ ప్రసారము. కారులోని జవాను వినుటయే గాని బదులు పలుకుటకు వీలులేదు, పలుకవలెనన్న టెలిఫోను వెదకికొనవలసినదే. న్యూజెర్సీలోని బేయోన్ పట్టణమున 1933లో ఇరువైపుల పలుకు సాధనము వచ్చుదాక ఇదియే పద్ధతి. ఆ ప్రసారము సామాన్య రేడియోకు సైతము అందెడిది కనుక, దొంగను గూర్చిన వార్త పోలీసునకును, పడకకుర్చీలోని గృహస్థునకును, ఒక్కొక్కప్పుడు దొంగకును ఏకకాలమున చేరుచుండెను. న్యూయార్కులో వీజీ అను మారుపేరుతో ప్రసిద్ధుడైన ఆర్థర్ ఫెల్లిగ్ 1938లో అనుమతి పొంది తన కారులో పోలీసు రేడియో నుంచుకొని, నేరము జరిగిన స్థలమునకు తరచుగా పోలీసులకంటె ముందే చేరి ఛాయాచిత్రములు తీసి కీర్తి గడించెను. ఆలకించువాడు ఆనాటినుండియు పిలువని పేరంటమునకు పోవు అతిథియే. ఈ ఒక్క మాట మనసునందుంచుకొనిన తక్కిన కథ సులభముగా బోధపడును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము శాఖకొక ఛానెలు ఏర్పడినది. ఒకదానిని వినుచుండగా మఱియొకచోట ఏమి జరుగుచున్నదో తెలియదు కనుక, ఛానెళ్లను వరుసగా తడవుచు మాట వినబడినచోట ఆగు యంత్రమును కల్పించిరి, అదియే స్కానర్. తొలినాళ్లలో ఒక్కొక్క ఛానెలునకు ఒక్కొక్క స్ఫటికము కొని లోపల బిగించుకొనవలసి యుండెను. స్ఫటికములు పోయి మీటలతో అంకెలు నొక్కు రోజులు 1970ల నడుమ వచ్చినవి. అంతవరకు యంత్రము సుఖముగానే బ్రదికినది.

దాని కష్టకాలము ట్రంకు పద్ధతితో ప్రారంభమైనది. ఈ ట్రంకు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. తపాలాఫీసులో ట్రంకుకాలు బుక్కుచేసి బల్లమీద గంటలకొలది కూర్చుండిన వారికి, ఊరికంతకు నాలుగే తీగలుండుననియు, ఏ తీగ ఖాళీయైన ఆ తీగను ఆపరేటరు వరుసలోని మనుష్యునకు కలుపుననియు చెప్పనక్కరలేదు. ఎన్ని తీగలున్న ఎందఱికి చాలునో గణితముతో నిర్ణయించినవాడు కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను డేనిష్ పండితుడు. 1917లో అతడు ప్రకటించిన సూత్రము నేటికిని చెల్లుచున్నది. ఆ న్యాయమునే రేడియోకు అన్వయించిరి. పోలీసులకొకటి, చెత్తలారీలకొకటి, మంచినీటి శాఖకొకటి అని ఛానెళ్లను పంచి యిచ్చుటకు మాఱుగా, అన్నింటిని ఉమ్మడి ఆస్తిగా నుంచి, ఎవరు మీట నొక్కిన వారికి ఆ క్షణమున ఖాళీగానున్న దానిని కంప్యూటరు కేటాయించును. ఏ బృందము ఏ ఛానెలునకు పోవలెనో కంట్రోల్ ఛానెలు అను ప్రత్యేక మార్గమున ఎడతెగక చాటుచుండును.

ఉమ్మడి కుటుంబము వారికి ఇది లాభమే గాని, గోడ కావల నిలిచి వినువానికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది. ప్రశ్న ఒక ఛానెలులోను, సమాధానము మఱియొక ఛానెలులోను వచ్చుటచే, ‘రెండవ అంతస్తులో పొగ’ అను మాటవెంట ‘లారీ నిండినది, వెనుకకు వచ్చుచున్నాము’ అను మాట వినబడెడిది. 1997లో యూనిడెన్ కంపెనీవారు కంట్రోల్ ఛానెలును తానే చదివి, కోరిన బృందమువెంట ఛానెలునుండి ఛానెలునకు దుముకు స్కానరును విపణిలోనికి తెచ్చి ఈ చిక్కును విప్పిరి.

విప్పిన చిక్కు ఒకటి, పడినది రెండు. 1989లో ఆరంభమైన ప్రాజెక్ట్ 25 అను ఉద్యమము ఫలించి, ఆ దేశపు ప్రజారక్షణ శాఖల మాటలు క్రమముగా అంకెలలోనికి మారినవి. ఈ పద్ధతిలో కంఠధ్వని యథాతథముగా ప్రయాణింపదు. సెకనులో ఏబదవ భాగమునకు ఒకసారి గొంతును ముక్కగా కోసి, ఆ ముక్కయొక్క శ్రుతిని, స్వభావమును 88 బిట్లలో వర్ణించి, దారిలో చెడిన బిట్లను సరిదిద్దుకొనుటకై మఱి 56 బిట్లు కావలి నిచ్చి పంపుదురు. ఆవలివైపున ఆ వర్ణనను చదివి గొంతును క్రొత్తగా నిర్మించుకొనవలెను. పూర్వపు రేడియోలో తరంగము క్షీణించినకొలది బుసబుసలు పెరిగినను, ఆ బుసలలోనుండి మాటను ఏరుకొను నేర్పు మన చెవికి కలదు. అంకెల మాటలో ఆ దయ లేదు. కావలివారు కాచినంతవరకు గొంతు నిర్మలముగా నుండి, వారు ఓడినంతనే అఱచు బాతుగానో, మౌనముగానో మారును.

ఇంక అసలు రోగము. ఒక జిల్లా యంతటికి ఒక టవరు చాలదు. టవరునకొక ఛానెలు చొప్పున ఇచ్చుటకు ఛానెళ్లు చాలవు. అందుచే పది టవర్లనుండి ఒకే పౌనఃపున్యముపై, ఒకే మాటను, ఉపగ్రహముల గడియారముతో సరిచూచుకొని ఒకే క్షణమున ప్రసారము చేయుదురు. దీనిని సిమల్‌కాస్ట్ అందురు. మన జాతరలో గుడి గోపురముపై నొక లౌడ్‌స్పీకరు, వీధి చివర వేపచెట్టుపై నొకటి కట్టి హరికథ వినిపించునపుడు, ఏదో ఒకదాని క్రింద నిలిచినవానికి కథ చక్కగా వినబడును. రెంటికిని నడుమ నిలిచినవానికి పదముపై పదము పడి కథ యంతయు కలగాపులగమగును. స్పీకర్ల ధ్వనిని రెట్టింపు చేసినచో అతని కష్టము రెట్టింపగునే గాని తీరదు.

రేడియో తరంగము మైక్రోసెకనునకు మూడు వందల మీటర్లు పోవును. ప్రాజెక్ట్ 25 తొలిదశ ప్రసారములో సెకనునకు 4,800 సంకేతములు వచ్చును కనుక, ఒక్కొక్క సంకేతపు ఆయుష్షు దాదాపు 208 మైక్రోసెకనులు. ఒక టవరు మఱియొకదానికంటె పదునైదు కిలోమీటర్లు దూరముగా నున్నచో దాని మాట ఏబది మైక్రోసెకనులు, అనగా సంకేతములో నాలుగవ వంతు, ఆలస్యముగా చేరును. రెండును సమానబలముతో వచ్చినప్పుడు ఈ ఆలస్యము ప్రాణాంతకము. అదిగాక 850 మెగాహెర్ట్జ్ ప్రాంతమున తరంగపు నిడివి జానెడున్నర మాత్రమే యగుటచే, ఒకచోట రెండు తరంగములును కూడి ఉబ్బును; బెత్తెడు జరిగిన ఒకదాని నొకటి మ్రింగి శూన్యమగును. ఆ వ్యవస్థకై నిర్మింపబడిన రేడియోలకు ఈ కలయికను విడదీయు శిక్షణ కలదు. పిలువని అతిథియైన స్కానరో, పౌనఃపున్యపు ఊగిసలాటను మాత్రమే కొలుచు పాత చెవితోనే చాలకాలము గడపినది. 2018లో వచ్చిన ఎస్‌డీఎస్ 100 అను యంత్రము, తొంబది డిగ్రీల ఎడముగల రెండు అంశములుగా తరంగమును పట్టి, దాని బలమును దశను కూడ లెక్కించు పద్ధతిని స్కానర్లలోనికి తెచ్చినది. దాని ధర మాత్రము సామాన్యుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకొనదగినది.

మా మేనల్లుని యంత్రము పాత చెవి గలదే. ఇది యంతయు తెలిసిన అతని మిత్రుడొకడు ఒక ఆదివారము వచ్చి, గీతలవంక కన్నెత్తియైన చూడక, తెరలో ఒక మూలనున్న లోపముల అంకెను మాత్రము గమనించుచు, మొదట ఆంప్లిఫయరును ఊడదీసెను. పిమ్మట ఇంటికప్పునుండి వచ్చు తీగను విప్పెను. యంత్రముతో వచ్చిన పొట్టి ఆంటెన్నాను కూడ తీసివైచి, కాగితములకు పెట్టు క్లిప్పు నొకదానిని విప్పి ఆ రంధ్రమున గ్రుచ్చెను. గీతలు ఐదునుండి రెండునకు దిగినవి. లోపముల అంకె కూడ దిగినది. తరువాత ఆ పెట్టెను అరచేత పట్టుకొని గదియంతయు పిల్లివలె తిరిగి, చివరకు వంటయింటి ఫ్రిజ్జు ప్రక్కన, ఆ ఇనుము ఒక దిక్కునుండి వచ్చు టవర్లకు అడ్డుపడు చోట నుంచెను. ఎవరో స్త్రీ ఒక వీధి పేరును, ఇంటి సంఖ్యను, వృద్ధుడు మెట్లపై జారిపడెనను వార్తను స్పష్టముగా చెప్పెను. మేము ముగ్గురము నోరు మెదపలేదు.

అనావృష్టి యనుకొని మా మేనల్లుడు చెఱువులు త్రవ్వించెను, అక్కడిది అతివృష్టి. క్లిప్పుతో తృప్తిపడని వారికి యాగీ ఆంటెన్నా గలదు. 1926లో జపానులో ఉడా, యాగీ అను వారలు కనిపెట్టిన ఈ చేపముల్లు ఆకారమును దూరదర్శన్ కాలమున మన డాబాలమీద చూడనివారు లేరు. అది ఒక దిక్కునే వినును గనుక ఒక టవరునకు గురిపెట్టవచ్చును. అయితే ఆ టవరు దగ్గరిదే కానక్కరలేదు. తక్కినవి దాని వీపునకు పడునట్లు గురిపెట్టుటయే నేర్పు.

నిజముగానే తరంగము చాలని యిండ్లును లేకపోలేదు. అక్కడ దోషము తరచుగా తీగలో నుండును. పాత సన్నని కేబులును ముప్పది మీటర్లు పఱచినచో 850 మెగాహెర్ట్జ్ ప్రాంతమున చివరకు చేరునది ఇంచుమించు ముప్పదవ వంతే. సమీపమున పేజర్ల టవరో, ఎఫ్‌ఎం కేంద్రమో ఉండి యంత్రమును క్రుంగదీయుచున్నచో ఫిల్టరు పెట్టవలెను. 2004లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 800 మెగాహెర్ట్జ్ ఛానెళ్లను సర్దుటకు ఉత్తరువు చేసి, ప్రజారక్షణ శాఖలవారి కొన్నింటిని 15 మెగాహెర్ట్జ్ క్రిందికి దింపినది. ఆ క్రొత్త పట్టిక నెఱుగని పాత స్కానరు కంట్రోల్ ఛానెలును చక్కగా చదివియు, మాటకొఱకు వేఱొక యింటి తలుపు తట్టును.

వీనికన్నిటికి మందు గలదు. మందులేనిది రహస్యలిపి. డెన్వర్ పోలీసులు 2019లో తమ మాటలకు తాళము వేసిరి. న్యూయార్కు పోలీసులు 2023లో ఆ పని ఆరంభించిరి. తాళపుచెవి లేనివానికి ఏ ఆంటెన్నాయు, ఏ ఖరీదైన యంత్రమును ఉపకరింపవు. ప్రజలు వినుట మేలా, వినకుండుట మేలా యను వాదము అక్కడ ఇంకను నడుచుచున్నది. నా మట్టుకు, మంటయు వఱదయు వచ్చినప్పటి మాటలనైన తెఱచి యుంచుట న్యాయమని తోచును. మన దేశమున ఈ వాదమునకే తావులేకపోయెను. ఇంటి రేడియోకు సైతము తపాలాఫీసులో లైసెన్సు కట్టించుకొనిన 1933 నాటి వైర్‌లెస్ చట్టము, అనుమతి లేనిదే ఇట్టి యంత్రమును దగ్గఱ నుంచుకొనుటనే నిషేధించినది.

కావున అమెరికాలోని మీ బంధువెవరైన స్కానరు మూగవోయినదని చెప్పినచో, తాను కోరు బృందపు మాటలకు తాళము పడినదేమో మొదట విచారించుకొమ్మనుడు. పడలేదన్నచో, క్రొత్త ఆంటెన్నా కొనుటకు ముందు ఉన్నదానిని విప్పి చూడుమనుడు.